జిద్దా ఎంత దూరం?

హైదరాబాద్ నుంచి జిద్దా ఎంత దూరమని అడిగితే ఇవాళ జవాబు చెప్పటం తేలిక. శంషాబాద్ విమానాశ్రయం నుంచి జిద్దాలోని కింగ్ అబ్దుల్ అజీజ్ విమానాశ్రయానికి ఆకాశమార్గాన సుమారు 4,130 కిలోమీటర్లు. మధ్యలో ఎక్కడా దిగకుండా పోయే విమానం ఐదున్నర నుంచి ఆరు గంటల్లో చేరుస్తుంది. తిరుగు ప్రయాణం ఇంకొంచెం తొందరగా అయిపోతుంది. ఎత్తున వీచే పడమటి గాలులు, ముఖ్యంగా చలికాలంలో, పోయేటప్పుడు ఎదురు కొడతాయి, వచ్చేటప్పుడు వెనకనుంచి తోస్తాయి. మన గడియారం వాళ్ళ గడియారం కంటే రెండున్నర గంటలు ముందుంటుంది. ఇక్కడ పొద్దున పదింటికి ఎక్కి ఆరు గంటలు కూర్చున్న మనిషి అక్కడి లెక్కలో మధ్యాహ్నం ఒకటిన్నరకే దిగుతాడు. రంజాన్ నెలలో హైదరాబాద్‌లో సహరీ చేసి జిద్దాలో ఇఫ్తార్ చేసేవాడి రోజా రెండున్నర గంటలు పొడుగవుతుంది. వచ్చేవాడిది దాదాపు అంతే తగ్గుతుంది.

కానీ ముస్లిములను ఈ ప్రశ్న అడిగేవాళ్ళంతా టికెట్టు కొనటానికి అడగరు. "మీ ఒళ్ళు ఇక్కడ, మనసు అక్కడ" అనటానికి అడుగుతారు. టీ కొట్టు దగ్గర నవ్వుతూ అంటారు, ఎన్నికల సభల్లో నవ్వకుండా అంటారు. పత్రికాఫీసుల్లో కూడా అంటారు. నేను పని చేసిన ఒక పత్రికలో హజ్ యాత్ర వార్త ఏ పేజీలో వెయ్యాలన్న చర్చ వచ్చినప్పుడు "అది విదేశీ వార్త కదా" అన్నారు ఒక పెద్దాయన. ఆయనకు నా మీద కోపమేమీ లేదు. నాంపల్లి హజ్ హౌస్ నుంచి మహబూబ్‌నగర్, నల్లగొండ, నిజామాబాద్ రైతులు, టీచర్లు, దర్జీలు మూటలు కట్టుకుని బయల్దేరటం ఆయన కంటికి విదేశీ వార్తగానే కనిపించింది. అంతే.

ఈ దూరానికి ఒక చరిత్ర ఉంది. ఈ సముద్రాన్ని ఎవరు దాటారు, దేనిమీద దాటారు, ఎన్నాళ్ళు పట్టింది, ఎవరికి లాభమైంది, ఎవరు మాట పడ్డారు అన్నది తెలియకుండా దక్కన్ ముస్లిం అస్తిత్వం గురించి ఎంత మాట్లాడినా అది సగమే అవుతుంది.

మొదట కొలత సంగతి. భూమి గుండ్రం కాబట్టి రెండు ఊళ్ళ మధ్య దగ్గరి దారి గోడమీది మ్యాపులో గీసే గీత కాదు. గోళం మీద వంగిన గీత. హైదరాబాద్ నుంచి జిద్దా వైపు ఆ గీత నేరుగా పడమరకు పోదు. పడమరకు సుమారు పదమూడు డిగ్రీలు ఉత్తరంగా బయల్దేరుతుంది. మహారాష్ట్ర దాటి, అరేబియా సముద్రం మీదుగా పోయి, ఒమాన్ తీరంలో మసీరా దీవి దగ్గర సగం దూరం పూర్తి చేసుకుని, అక్కడినుంచి ఎడారి మీదుగా ఎర్రసముద్రపు ఒడ్డుకు చేరుతుంది. విమానాలు నిర్ణయించిన దారుల్లో పోవాలి కాబట్టి అటూ ఇటూ కొంచెం జరుగుతాయి. ఈ గీత మనకు కొత్తది కాదు. మన మసీదుల మిహ్రాబ్ తిరిగి ఉండాల్సిన దిక్కూ ఇంచుమించు ఇదే. ఒక ఊరి నుంచి మక్కా ఏ దిక్కున ఉందో గోళ గణితంతో లెక్కగట్టే విద్యను ముస్లిం శాస్త్రవేత్తలు వెయ్యేళ్ళ కిందటే పెంచి పోషించారు. పదకొండో శతాబ్దంలో అల్ బిరూనీ గజనీ పట్టణం నుంచి ఖిబ్లా ఎటో తేల్చటానికి ఊళ్ళ అక్షాంశాలు, రేఖాంశాల మీద ఒక గ్రంథమే రాశాడు. పంజాబ్‌లోని నందనా కోట దగ్గర కొండ ఎత్తునూ దిగంతపు వంపునూ కొలిచి భూమి వ్యాసార్థాన్ని లెక్కగట్టాడు. ఇవాళ విమానం నడిపేవాళ్ళ దూరాల పట్టిక వెనక ఉన్నది ఆ జాతి గణితమే. నమాజు దిక్కు వెతుక్కోవటం వెనకబాటుతనమనుకునే వాళ్ళు ఈ సంగతి కూడా తెలుసుకోవాలి.

ఆవిరి ఓడలు రాకముందు ఈ దూరాన్ని కొలిచింది మైళ్ళు కాదు, గాలులు. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి సముద్రద్వారం మచిలీపట్నం. అక్కడినుంచి బట్టల బేళ్ళతో ఎర్రసముద్రపు ముఖాన ఉన్న మోఖా రేవుకు ఓడలు పోయేవి. ఉత్తరాదివాళ్ళకు సూరత్ 'బాబుల్ మక్కా', అంటే మక్కా వాకిలి. రుతుపవనాలు ఏ నెలలో ఎటు వీస్తాయో ప్రకృతి నిర్ణయిస్తుంది. హజ్ ఏ నెలలో వస్తుందో చంద్రమానం నిర్ణయిస్తుంది. చంద్రమాన సంవత్సరం ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఈ రెండూ కలవని ఏడాదుల్లో యాత్రికుడు నెలల తరబడి ముందే పోయి అక్కడ కాచుకుని కూర్చోవాలి. పోయిరావటానికి ఏడాది దాటేది. బాబర్ కూతురు గుల్‌బదన్ బేగం 1575లో ఫతేపూర్ సిక్రీ నుంచి బయల్దేరి 1582లో గానీ తిరిగి రాలేదు. చక్రవర్తి మేనత్త గతే అది. మామూలు మనిషి పోయేటప్పుడు అప్పులు తీర్చి, వీలునామా రాసి, అందరి దగ్గరా 'కహాసునా మాఫ్' చేయించుకుని పోయేవాడు. ఆ ఆనవాయితీ మన ఇళ్ళల్లో ఇప్పటికీ ఉంది. ఆరు గంటల ప్రయాణానికి అంత వీడ్కోలెందుకని పిల్లలు నవ్వుతారు. అది సముద్రం నేర్పిన అలవాటు.

సముద్రం ఒక్కటే శత్రువు కాదు. పదహారో శతాబ్దంలో అరేబియా సముద్రం మీద పోర్చుగీసుల పెత్తనం నడిచింది. వాళ్ళ దగ్గర 'కర్తాజ్' అనే అనుమతి పత్రం కొనుక్కోని ఓడను పట్టుకునేవారు. ఆ పత్రం మీద మరియమ్మ, ఏసు బొమ్మలుండేవని, అలాంటి పత్రం పట్టుకుని పోవాల్సి వస్తే హజ్ తప్పనిసరి విధి కాదని అక్బర్ కాలపు ఉలమాలో కొందరు వాదించారు. 1695లో మక్కా నుంచి యాత్రికులతో సూరత్‌కు తిరిగొస్తున్న ఔరంగజేబు ఓడ గంజ్-ఇ-సవాయీని ఇంగ్లీషు దొంగ హెన్రీ ఎవ్రీ దోచుకున్నాడు. మొగల్ చక్రవర్తి ఓడకే రక్షణ లేని దారి అది.

1869లో సూయజ్ కాలువ తెరిచాక ఎర్రసముద్రంలో ఆవిరి ఓడల సందడి పెరిగింది. మన వైపు 1874లో వాడీ నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు మార్గం పడింది. దాంతో దక్కన్ యాత్రికుడి దారి స్థిరపడింది. ఊరి నుంచి బండిలో స్టేషన్‌కు, రైల్లో వాడీ మీదుగా బొంబాయికి, అక్కడ ముసాఫిర్‌ఖానాలో పడిగాపులు, తర్వాత ఓడ డెక్కు మీద చాప. ముల్తానీ, బుఖారీ, బెంగాలీ, దక్కనీ అందరూ ఆ ముసాఫిర్‌ఖానాలోనే కలిసేవారు. ప్రయాణం చౌకయ్యేసరికి పేదలు కూడా బయల్దేరారు. పేదలు బయల్దేరగానే ప్రభుత్వాలకు వాళ్ళు సమస్యగా కనిపించటం మొదలైంది.

1865లో మక్కాలో కలరా సోకి, యాత్రికులతోబాటు ఈజిప్టుకు, యూరప్‌కు పాకింది. మరుసటి ఏడాది ఇస్తాంబుల్‌లో అంతర్జాతీయ ఆరోగ్య సమావేశం జరిగింది. అందరి వేళ్ళూ హిందూస్థానీ యాత్రికుడి వైపే తిరిగాయి. 1882 నుంచి ఎర్రసముద్రంలోని కమరాన్ దీవిలో యాత్రికుల ఓడలను ఆపి రోజుల తరబడి క్వారంటైన్ చేశారు. రోగం నిజమే, జాగ్రత్త అవసరమే. కానీ రోగానికి మతం అంటగట్టటం అప్పుడే అలవాటైంది. 2020లో కరోనా వచ్చినప్పుడు ఢిల్లీ తబ్లీగీ సమావేశం పేరుతో దేశమంతటా ముస్లిములను ఎలా వేలెత్తి చూపించారో చూశాం. కూరగాయల బండివాడిని పేరడిగి వెళ్ళగొట్టారు. ఆ ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి తబ్లీగీలపై పెట్టిన కేసులను కొట్టేస్తూ వాళ్ళను బలిపశువులను చేశారన్న అర్థంలో వ్యాఖ్యానించింది. కమరాన్ నుంచి నిజాముద్దీన్ దాకా నూట నలభై ఏళ్ళు. ఆ మాటకు మాత్రం వయసు రాలేదు.

1880 ఆగస్టులో జరిగిన ఒక సంఘటన ప్రతి ముస్లిం పిల్లవాడికీ చెప్పాల్సింది. ఆ ఓడ పేరే 'జిద్దా'. సింగపూర్, పెనాంగ్ వైపు నుంచి దాదాపు వెయ్యిమంది యాత్రికులను ఎక్కించుకుని జిద్దాకు పోతూ తుఫానులో చిక్కి నీళ్ళు తాగింది. యూరోపియన్ కెప్టెను, ఆఫీసర్లు యాత్రికులను వదిలేసి పడవలో దిగి పోయారు. వేరే ఓడ వాళ్ళను ఏడెన్ చేర్చింది. జిద్దా మునిగిపోయింది, అందరూ చచ్చిపోయారని అక్కడ చెప్పుకున్నారు. మరునాడే ఇంకో ఓడ జిద్దాను తాడుకట్టి లాక్కుంటూ ఏడెన్ రేవుకు తెచ్చింది. యాత్రికులు నీళ్ళు తోడిపోసుకుంటూ బతికే ఉన్నారు. ఈ ఉదంతం మీదే జోసెఫ్ కాన్రాడ్ 'లార్డ్ జిమ్' నవల అల్లాడు. ప్రపంచమంతా ఆ నవల చదివి పారిపోయిన తెల్ల ఆఫీసరు మనోవేదన గురించి చర్చించింది. ఓడలో మిగిలిన వెయ్యిమంది పేర్లు ఎవరికీ అక్కర్లేకపోయాయి. చరిత్రలో మన స్థానం ఎక్కడుందో చెప్పటానికి ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి?

ఈ దారిలో మనవాళ్ళు పోవటమే కాదు, అటువాళ్ళు ఇటూ వచ్చారు. హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు నిజాం సైన్యంలో కొలువు చేసి, బార్కస్‌లో ఇళ్ళు కట్టుకుని, దక్కనీ ఉర్దూ మాట్లాడే చావూష్‌లయ్యారు. బార్కస్ అన్న పేరు బ్యారక్స్ నుంచి వచ్చిందే. హైదరాబాద్‌లో జమేదారీ చేసి సంపాదించిన డబ్బుతో అల్ ఖుఅయితీ కుటుంబం అక్కడ ముకల్లా కేంద్రంగా రాజ్యమే పెట్టింది. అది 1967 దాకా నడిచింది. హైదరాబాద్ జీతంతో అరేబియాలో సుల్తాన్లయిన కాలం అది. వందేళ్ళు తిరిగేసరికి హైదరాబాదీలు అరేబియా జీతంతో పాతబస్తీలో ఇల్లు కట్టుకునే కాలం వచ్చింది. ఎవరు ఎవరి దగ్గరికి పని కోసం పోతారన్నది మతం నిర్ణయించదు.

మక్కాలో హైదరాబాద్ పాలకులు కట్టించిన రుబాత్‌లున్నాయి. పాత హైదరాబాద్ సంస్థానం నుంచి పోయే యాత్రికులకు అందులో ఉచిత వసతి. సంస్థానం 1948లో పోయింది, 1956లో భాష ప్రకారం మూడు రాష్ట్రాలకు చీలింది. అయినా మక్కాలో మాత్రం తెలంగాణవాడు, మరాఠ్వాడావాడు, గుల్బర్గావాడు చీటీల్లో పేరొస్తే ఒకే కప్పు కింద పడుకుంటారు. గుంటూరు నూర్‌బాషా, ఒంగోలు దూదేకుల, కర్నూలు పఠాన్ ఆ కప్పు కిందికి రాలేరు. తెలుగు ముస్లిం అని ఒకే మాటలో అంటాం గానీ మన లోపల కూడా దూరాలున్నాయి. ఉర్దూ రాని దూదేకుల అవ్వ హజ్ శిక్షణ శిబిరంలో ఉర్దూ ప్రసంగం ముందు మౌనంగా కూర్చుంటుంది. ఆమెకు అర్థమయ్యే తెలుగులో 'తవాఫ్' అంటే ఏమిటో, 'సయీ' ఎలా చెయ్యాలో చెప్పటం మన బాధ్యత అని శిబిరం పెట్టినవాళ్ళకు తట్టాలి. కిలోమీటర్లలో ఆమెకూ మిగతావాళ్ళకూ ఒకటే దూరం. భాషలో మాత్రం ఆమె జిద్దా ఇంకా ఎక్కడో ఉంది.

ఉర్దూలో ఓడనూ 'జహాజ్' అంటాం, విమానాన్నీ 'హవాయీ జహాజ్' అంటాం. మా ఇళ్ళల్లో 'హవాయీ' కూడా తీసేసి ఉత్త 'జహాజ్' అనే అంటారు. తెలుగులో ఓడ వేరు, విమానం వేరు. విమానం పురాణాల్లోంచి దిగివచ్చింది, జహాజ్ సముద్రంలోంచి ఎగిరింది. మా మాటలో ఓడకూ విమానానికీ మధ్య తెగింపు లేదు.

నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట కేంద్రంగా నడిచి 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. కానీ మామూలు యాత్రికుడికి ఆకాశం ఇంకా చాలాకాలం అందలేదు. బొంబాయి నుంచి జిద్దాకు సముద్రం మీద సుమారు 2,300 నాటికల్ మైళ్ళు. మొగల్ లైన్ ఓడలకు పన్నెండు నుంచి పదిహేను రోజులు పట్టేది. 1959లో రిజర్వ్ బ్యాంకు హజ్ యాత్రికుల కోసం ప్రత్యేకంగా పది, వంద రూపాయల నోట్లు అచ్చువేసింది. నంబరు ముందు ఇంగ్లీషులో 'హెచ్ ఎ' అని ఉండే ఆ నోట్లకు ఇవాళ సేకర్తల దగ్గర మంచి ధర. హజ్ కమిటీ చట్టం కూడా ఆ ఏడాదే వచ్చింది. ఓడలు పాతబడ్డాయి, విమానాలు పెరిగాయి. చివరికి 1995తో యాత్రికుల ఓడలు ఆగిపోయాయి. అక్బరీ అన్న ఓడతో ఆ కథ ముగిసింది.

ఇక్కడే ఒక ముఖ్యమైన లెక్క ఉంది. ఓడ ఆగిపోవటంతో పేదవాడికి చవకదారి మూసుకుపోయింది. విమానమే దిక్కయింది. ప్రభుత్వం ఎంపిక చేసిన విమానాల్లోనే పోవాలి. యాత్రికుడు కట్టే మొత్తానికీ విమాన సంస్థ అడిగే ఛార్జీకీ మధ్య తేడాను ప్రభుత్వం ఆ సంస్థకు చెల్లించేది. దాని పేరే హజ్ సబ్సిడీ. 1994లో 10.51 కోట్లున్న ఈ మొత్తం 2011కు 685 కోట్లయింది. యాత్రికులను నిండుగా దింపి వచ్చే ప్రత్యేక విమానం ఖాళీగా తిరిగొస్తుంది. నలభై రోజుల తర్వాత ఖాళీగా పోయి నిండుగా వస్తుంది. అంటే 4,130 కిలోమీటర్లకు రెండింతల ఖర్చు లెక్కలో పడుతుంది. బహిరంగ పోటీలో టెండర్లు పిలవండి, ఛార్జీలు వాటంతటవే తగ్గుతాయి, మాకు సబ్సిడీయే వద్దు అని ముస్లిం ప్రతినిధులే ఎన్నోసార్లు అడిగారు. స్తోమత ఉన్నవాడికే హజ్ విధి అని ఖురాన్ చెప్తుంటే ఎవరి సొమ్ముతోనో పోవాలని మనవాళ్ళు ఎందుకు కోరుకుంటారు? 2012 మే నెలలో సుప్రీంకోర్టు కూడా ఆ ఆయతునే ఉటంకిస్తూ పదేళ్ళలో సబ్సిడీ ఎత్తెయ్యమంది. 2018లో ప్రభుత్వం పూర్తిగా ఎత్తేసింది. డబ్బు పోయింది విమాన సంస్థ ఖాతాకు. "మా పన్నులతో హజ్‌కు పోతారు" అన్న మాట పడింది ముస్లిం ఖాతాలో. సబ్సిడీ పోయి ఏళ్ళయినా ఆ మాట పోలేదు.

దూరానికీ ఛార్జీకీ సంబంధం ఎంత తక్కువో 2023లో ఇంకోసారి తెలిసింది. ఆ ఏడాది విజయవాడ గన్నవరం నుంచి హజ్ విమానాలు మొదలయ్యాయి. కోస్తా ముస్లిములకు సొంత ఊరి దగ్గరే ఎక్కే అవకాశం రావటం మంచి విషయం. గన్నవరం నుంచి జిద్దా హైదరాబాద్ కంటే సుమారు 270 కిలోమీటర్లు మాత్రమే ఎక్కువ. ఛార్జీలో తేడా మాత్రం వేల రూపాయల్లో వచ్చింది. ఆ అదనపు భారాన్ని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం భరించాల్సి వచ్చింది.

జిద్దాలో యాత్రికులు దిగే హజ్ టెర్మినల్ 1981లో మొదలైంది. గుడారాల్లాంటి 210 తెల్లటి కప్పులు, ఉక్కు స్తంభాల నుంచి వేలాడుతూ ఎడారి ఎండను ఆపుతాయి. గోడలు లేవు, గాలి దానంతటదే తిరుగుతుంది. దాని నిర్మాణానికి ఇంజనీరు ఢాకాలో పుట్టి, కలకత్తా దగ్గర శిబ్‌పూర్‌లోనూ చదువుకున్న ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. చికాగో సియర్స్ టవర్ కట్టిన మనిషి ఆయనే. 1982లో జిద్దాలోనే చనిపోయారు. లక్షలమంది హాజీలకు నీడనిచ్చే ఆ కప్పు కింద ఒక ఉపఖండపు బుర్ర ఉందన్న సంగతి అక్కడ దిగే మనలో ఎంతమందికి తెలుసు?

విమానం దూరాన్ని తగ్గించినప్పుడు కొన్ని కర్మలను కూడా ఇరుకు చేసింది. హరామ్ హద్దులోకి పోయేముందు మీఖాత్ దగ్గర ఇహ్రామ్ ధరించాలి. ఓడవాళ్ళకు యలమ్‌లమ్ ఎదురుగా రాగానే చెప్పేవారు. స్నానం చేసి, తెల్లబట్ట కట్టుకుని, లబ్బైక్ అనటానికి పూట సమయం ఉండేది. మన విమానం తాయిఫ్ దగ్గరి ఖర్నుల్ మనాజిల్ మీదుగా గంటకు ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతుంది. మీఖాత్ రెప్పపాటులో వెనకబడుతుంది. అందుకే చాలామంది హైదరాబాద్‌లోనే ఇహ్రామ్ కట్టుకుని ఎక్కుతారు. పదిహేను రోజుల్లో నెమ్మదిగా సిద్ధపడాల్సిన మనసు ఇప్పుడు ఆరు గంటల్లో సిద్ధపడాలి. మరో మార్పు కూడా జరిగింది. 2018 నుంచి నలభై అయిదేళ్ళు దాటిన ఆడవాళ్ళు మహ్రమ్ లేకున్నా జట్టుగా హజ్ కమిటీ ద్వారా పోగలుగుతున్నారు. మా దాదీల తరంలో వితంతువు హజ్ అంటే ఎవరో ఒక మగ బంధువు దయ.

హజ్‌కు పోయేవాడికి ఈ దూరం జీవితంలో ఒకసారి. పనికి పోయేవాడికి అదే బతుకు. 1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్‌లో పని పుట్టింది. పాతబస్తీ గల్లీల నుంచి, కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి మనుషులు బొంబాయి రైలెక్కి, ఏజెంట్లకు అప్పుతెచ్చిన డబ్బు పోసి, జిద్దా, రియాద్, దమ్మాం చేరారు. కడప వైపు నుంచి ఆడవాళ్ళు ఇంటి పనికి కువైట్ పోయారు. పల్లెల్లో ఎక్కడికి పోయినా 'దుబాయి పోయిండు' అనే అంటారు. వీళ్ళలో ముస్లిములే కాదు, దళితులు, బీసీలు లెక్కలేనంతమంది. గల్ఫ్ అంటే ముస్లిం విషయమనుకోవటం కూడా ఒక అపోహే.

విమానానికి జిద్దా ఆరు గంటలు. కార్మికుడికి రెండేళ్ళు. మధ్యలో తల్లి చనిపోతే పాస్‌పోర్టు కఫీల్ దగ్గర ఉంటుంది, ఎగ్జిట్ అతను కొట్టించాలి. జనాజా నమాజు అయిపోతుంది. కొడుకు ఫోనులో ఏడుస్తాడు. 2021 మార్చి నుంచి సౌదీలో ప్రైవేటు కంపెనీల కార్మికులు యజమాని అనుమతి లేకుండా దేశం దాటి రావటానికి వీలిచ్చారు. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళను, ఇంటి డ్రైవర్లను మాత్రం ఆ సంస్కరణ నుంచి తప్పించారు. అందరికంటే దూరంగా ఉన్నవాళ్ళు వాళ్ళే. 2011లో వచ్చిన నితాఖాత్ నిబంధనలు, 2013లో కాగితాలు సరిలేనివాళ్ళ కోసం పెట్టిన గడువు, 2017లో కుటుంబసభ్యుల మీద వేసిన నెలవారీ రుసుము ఒక్కొక్కటిగా ఎన్నో హైదరాబాదీ కుటుంబాలను మూటాముల్లె సర్దించి పంపాయి. ఇస్లాం సోదరభావం ఇఖామా కార్డు గడువు దాకానే పనిచేస్తుందని వాళ్ళకు అక్కడే తెలిసింది.

అటునుంచి రియాల్‌లు మాత్రమే రాలేదు. ఇది మనలో మనం మాట్లాడుకోవాల్సిన మాట. ఇరవై ఏళ్ళు అక్కడ ఉండి వచ్చినవాళ్ళలో కొందరికి మన ఉర్సు, కందూరు, పీర్ల పండుగ అన్నీ తప్పుగా కనిపించాయి. 'ఖుదా హాఫిజ్' అనే నోళ్ళు 'అల్లా హాఫిజ్'కు మారాయి. పీర్లను ఎత్తుకునే పల్లెల్లో అలావా చుట్టూ మాల, మాదిగ, గొల్ల, సాయిబు అందరూ తిరిగే ఆట ఎవరి ఇస్లాం అన్న ప్రశ్న పుట్టింది. ఎవరి విశ్వాసం వాళ్ళది, నేను ఫత్వా ఇచ్చేవాణ్ణి కాను. కానీ ఒకటి చెప్పాలి. ఆరు గంటల దూరంలోని దేశపు ఆచారం మన వందల ఏళ్ళ ఊరి ఆచారం కంటే అసలైనదనుకోవటం మొదలైతే, "మీరు ఇక్కడివాళ్ళు కాదు" అనేవాళ్ళకు మనమే సాక్ష్యం పలుకుతున్నట్టు అవుతుంది.

నిజానికి అక్కడ మనల్ని ఏమంటారో ఈ నింద వేసేవాళ్ళు ఒకసారి వినాలి. జిద్దా బజారులో, మక్కా గల్లీల్లో మన పేరు 'హిందీ'. తరాల కింద పోయి అక్కడే స్థిరపడి, అరబ్బీ తప్ప మరో భాష రాని కుటుంబాలు కూడా ఇంటిపేరుగా 'హిందీ' అని మోస్తూనే ఉన్నాయి. ఇక్కడ అరబ్బులం, అక్కడ హిందీలం. ఈ రెండు పిలుపుల్లో ఒకటి అబద్ధం. ఏది అబద్ధమో నిర్ణయించటానికి పదమూడు తరాల వంశవృక్షం అక్కర్లేదు. ముసాఫిర్‌ఖానాలో జొన్నరొట్టె, ఎండుమిరప కారం మూట విప్పుకున్న దక్కనీ యాత్రికుడిని చూస్తే చాలు.

2020లో ఒక విచిత్రం జరిగింది. మార్చిలో విమానాలు ఆగిపోయాయి. ఆ ఏడూ, తర్వాతి ఏడూ సౌదీలో ఉన్నవాళ్ళకు తప్ప బయటివాళ్ళకు హజ్ లేదు. నాలుగువేల కిలోమీటర్లు మళ్ళీ గుల్‌బదన్ బేగం కాలపు దూరమయ్యాయి. మే నుంచి వందేభారత్ విమానాల్లో పని పోయినవాళ్ళు ఇంటికొచ్చారు. దిగగానే వాళ్ళు మొక్కింది శంషాబాద్ నేలకు.

ఈ చరిత్ర పుస్తకాల్లో లేదు. ఉన్నదంతా ఇంగ్లీషువాళ్ళ క్వారంటైన్ రిపోర్టుల్లో, షిప్పింగ్ కంపెనీ లెక్కల్లో ఉంది. మన వైపు చరిత్ర పాత ఇనప్పెట్టెల్లో ఉంది. దాదా ఓడ టికెట్టు, యాత్రికుల పాసుపుస్తకం, జిద్దా నుంచి వచ్చిన క్యాసెట్టు ఉత్తరాలు, గడువు తీరిన ఇఖామా కార్డులు. వాటిని పారెయ్యకండి. ముసలివాళ్ళు ఉన్నప్పుడే అడిగి రాసుకోండి. ఉర్దూలో చెప్పింది తెలుగులో రాయండి, తెలుగులో చెప్పింది ఉర్దూలోకి తీసుకుపోండి. ఏ ఊరి నుంచి బయల్దేరారు, ఎన్ని రోజులు పట్టింది, ఎంత అప్పయింది, తిరిగొచ్చాక మొదట ఏమి తిన్నారు, అన్నీ రాయండి. జిద్దా ఎంత దూరమని రేపు మన పిల్లలను ఎవరైనా వెటకారంగా అడిగితే, వాళ్ళు తలవంచుకోకుండా లెక్క చెప్పగలగాలి. పోయిన దూరంతోబాటు తిరిగొచ్చిన దూరం కూడా.